తాగే నీళ్లలోనూ టూత్‌పేస్టులోనూ ఉండే ఫ్లోరైడ్ కణాలను చంపేస్తుందని అంటుంటారు. చంపుతుంది, నిజమే. కానీ ఏ కణాన్ని, ఎంత మోతాదులో?

చక్కెర పరీక్షకు రక్తం తీసేటప్పుడు ల్యాబుల్లో బూడిద రంగు మూత ఉన్న గొట్టం వాడతారు. గొట్టం లోపలి గోడకు తెల్లగా కొంచెం పొడి అంటుకుని కనిపిస్తుంది. అది సోడియం ఫ్లోరైడ్. రక్తం గడ్డకట్టకుండా దానికి తోడు పొటాషియం ఆక్సలేట్ ఉంటుంది. సిరలోంచి బయటికి వచ్చినంత మాత్రాన రక్తకణాలు చచ్చిపోవు. గొట్టంలో కూడా అవి గ్లూకోజ్‌ను తింటూనే ఉంటాయి. ఏ మందూ కలపకుండా మామూలు గది ఉష్ణోగ్రతలో వదిలేస్తే గంటకు 5 నుంచి 7 శాతం చక్కెర తగ్గిపోతుంది. ఆ తిండి మాన్పించడానికే ఈ పొడి. మోతాదు మిల్లీలీటరు రక్తానికి సుమారు 2.5 మిల్లీగ్రాములు.

ఇందులో ఒక తిరకాసు ఉంది. ఫ్లోరైడ్ కలిశాక కూడా మొదటి గంటా రెండు గంటల పాటు చక్కెర తగ్గుతూనే ఉంటుంది. ఎందుకంటే ఫ్లోరైడ్ దెబ్బ ప్రధానంగా పడేది ఇనోలేజ్ అనే ఎంజైము మీద. గ్లూకోజ్‌ను విరిచి శక్తి తీసే పది మెట్ల దారిలో ఇది తొమ్మిదో మెట్టు. ఫ్లోరైడ్ మెగ్నీషియాన్నీ ఫాస్ఫేట్‌నూ వెంటబెట్టుకుని ఈ ఎంజైము పనిచేసే చోట తిష్ఠ వేస్తుంది. కింద దారి మూసుకుపోయినా మొదటి మెట్టు మీది ఎంజైము మాత్రం చేతికందిన గ్లూకోజ్‌నల్లా లోపలికి లాగుతూనే ఉంటుంది. కణంలో శక్తిని మోసే ఏటీపీ అనే అణువు ఖర్చయ్యాక గానీ ఆ పని ఆగదు. కచ్చితమైన ఫలితం కావాలనుకునే ల్యాబులు ఫ్లోరైడ్‌ను మాత్రమే నమ్ముకోకుండా గొట్టాన్ని మంచులో పెట్టి త్వరగా ప్లాస్మాను, అంటే కణాలు తీసేసిన రక్తపు ద్రవాన్ని, వేరు చేయడం, లేదంటే సిట్రేట్ కలిపిన గొట్టాలు వాడటం ఇందుకే.

ఫ్లోరైడ్ మనిషి కణాల ఊపిరి ఆపుతుందా అనే ప్రశ్నకు ఈ గొట్టమే జవాబు. అందులో సందేహం లేదు. అయితే ఆ గొట్టంలో లీటరుకు 1,100 మిల్లీగ్రాములకు పైగా ఫ్లోరైడ్ ఉంటుంది. తాగే నీటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన పరిమితి లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. ఈ రెండు అంకెల మధ్య ఉన్న దూరంలోనే ఫ్లోరైడ్ మీద జరిగే గొడవంతా ఉంది. ఒక పక్షం "కణాలను చంపేస్తుందని ప్రయోగశాలలో తేలింది" అంటుంది. రెండో పక్షం "రక్తంలో అంత ఉండనే ఉండదు, కొట్టిపారేయండి" అంటుంది. నా దృష్టిలో ఇద్దరూ ఒకే పొరపాటు చేస్తున్నారు. ప్రయోగంలో వాడిన గాఢతను గానీ రక్తంలో కనిపించే గాఢతను గానీ చూసి, కణం దగ్గర ఉన్నది కూడా అంతేనని అనుకుంటున్నారు.

లోపలికి వచ్చే దారి

కణాన్ని చుట్టి ఉండే కొవ్వు పొర ఫ్లోరైడ్ అయాన్‌ను అంత తేలికగా లోపలికి రానివ్వదు. దానికి విద్యుదావేశం ఉంటుంది, పైగా నీటి అణువులను గట్టిగా పట్టుకుని ఉంటుంది. అదే అయాన్ ఒక ప్రోటాన్‌ను కలుపుకుని హైడ్రోజన్ ఫ్లోరైడ్‌గా మారితే ఆవేశం పోతుంది, అప్పుడు పొరలోంచి సులువుగా జారిపోతుంది. రెండింటి వేగానికీ మధ్య తేడా లక్షల రెట్లలో ఉంటుంది.

ఎంత ఫ్లోరైడ్ ఈ వేషం వేస్తుందన్నది పీహెచ్ (ఆమ్లతను చెప్పే అంకె, తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) మీద ఆధారపడుతుంది. పీహెచ్ సుమారు 3.4 దగ్గర సగానికి సగం. రక్తపు పీహెచ్ 7.4 కాబట్టి అక్కడ పదివేలలో ఒక వంతు. 5.4 దగ్గర నూటికి ఒకటి. ఆమ్లం నిండిన జీర్ణాశయంలో దాదాపు మొత్తమంతా. ఫ్లోరైడ్ మింగిన వెంటనే కడుపులో తిప్పడం, వాంతులు రావడం, ఎండోస్కోపీలో జీర్ణాశయపు లోపలి పొర మీద సూదిమొనంత రక్తపు చుక్కలు కనిపించడం ఈ కారణంగానే. కణం లోపలి వాతావరణం తటస్థం. హైడ్రోజన్ ఫ్లోరైడ్ అక్కడికి చేరగానే మళ్లీ విడిపోతుంది. ప్రోటాన్ వల్ల లోపల ఆమ్లత పెరుగుతుంది. ఫ్లోరైడ్ అయాన్ తిరిగి బయటికి పోలేక అక్కడే చిక్కుకుంటుంది. అంటే బయట ఎంత ఆమ్లంగా ఉంటే లోపల అంత ఫ్లోరైడ్ పోగవుతుంది. రక్తంలో గాఢత ఒకటే అయినా ఒక కణానికి ఏమీ కాక, పక్క కణజాలంలోని కణం దెబ్బ తినడానికి మొదటి కారణం ఇదే.

ఇక్కడ ఒక విశేషం చెప్పుకోవాలి. బ్యాక్టీరియాకూ ఈస్టుకూ ఫ్లోరైడ్‌ను బయటికి పంపే ప్రత్యేక ద్వారాలు ఉన్నాయి. లోపల ఫ్లోరైడ్ పెరిగిందని పసిగట్టే ఆర్‌ఎన్‌ఏ స్విచ్ కూడా బ్యాక్టీరియాలో ఉందని 2012 ప్రాంతంలో బయటపడింది. ఈస్టులో ఆ ద్వారాల జన్యువులను తీసేస్తే, అంతకుముందు ఏమాత్రం పట్టించుకోని మోతాదుకే అది చచ్చిపోతుంది. మనిషి కణాలకు అలాంటి ద్వారం లేదు. ఆ పనిని మన శరీరం కణానికి అప్పజెప్పకుండా ఎముకకూ మూత్రపిండానికీ ఇచ్చింది. ఒంట్లో ఉండే ఫ్లోరైడ్‌లో 99 శాతం ఎముకల్లోనూ పళ్లలోనూ ఉంటుంది. రోజూ ఒంట్లోకి చేరేదాంట్లో పెద్దవాళ్లలో దాదాపు సగం మూత్రంలో పోతుంది. ఎముకలు ఎదిగే పసివయసులో మాత్రం పోయేది తక్కువ, ఉండిపోయేది ఎక్కువ. కాపలా అంతా ఈ రెండు చోట్లే కాబట్టి దెబ్బ కూడా ముందు అక్కడే తగులుతుంది.

లోపల జరిగేది

ఇనోలేజ్ ఒక్కటే అయితే కథ చిన్నది. ఫాస్ఫేట్‌ను పట్టుకునే ఎంజైములన్నా, మెగ్నీషియం మీద ఆధారపడే ఎంజైములన్నా ఫ్లోరైడ్‌కు మక్కువ ఎక్కువ. పైరోఫాస్ఫటేజ్, సోడియం పొటాషియం పంపు, కొన్ని ఫాస్ఫటేజ్‌లు ఈ జాబితాలోవే. అల్యూమినియం జాడ ఉంటే మరో పని కూడా చేస్తుంది. ఆ రెండూ కలిసిన ముద్ద ఆకారం ఫాస్ఫేట్‌ను పోలి ఉంటుంది. కణానికి బయటి సంకేతాలను అందించే జీ ప్రోటీన్లు దాన్ని చూసి మోసపోయి, ఎవరూ పిలవకుండానే పని మొదలుపెడతాయి. ఫ్లోరైడ్ ఒక్కటే ఈ పని చేస్తోందని చాలాకాలం అనుకున్నారు. గాజు గొట్టాల నుంచి కరిగి వచ్చిన అల్యూమినియం కూడా అందులో భాగస్వామి అని 1982లో తేలింది. ప్రయోగశాల సామాను ఫలితాన్ని ఎలా మారుస్తుందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

కణానికి శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా సంగతి వేరు. ఫ్లోరైడ్ పెరిగిన కణాల్లో ఎలక్ట్రాన్ల గొలుసు సరిగా నడవదు. ఆక్సిజన్‌ నుంచి పుట్టే చురుకైన అణువులు పెరుగుతాయి, వాటిని చల్లార్చే గ్లుటాథయోన్ తరిగిపోతుంది. మైటోకాండ్రియా పొర మీద ఉండే విద్యుత్ తేడా పడిపోతుంది. సైటోక్రోమ్ సి అనే ప్రోటీన్ బయటికి కారుతుంది. అది బయటికి వచ్చిందంటే కణాన్ని కూల్చే ఎంజైములు కాస్పేస్ 9, దాని వెనుక కాస్పేస్ 3 మేల్కొంటాయి. అక్కడి నుంచి కణం తనను తాను పద్ధతిగా విప్పుకోవడం మొదలుపెడుతుంది. డీఎన్‌ఏ ముక్కలవుతుంది, కణం చిన్న పొట్లాలుగా విడిపోతుంది, పక్క కణాలు వాటిని మింగేస్తాయి. దీన్నే అపోప్టోసిస్ అంటారు.

ఈ పద్ధతైన చావుకు కూడా ఏటీపీ కావాలి. మోతాదు మరీ ఎక్కువై శక్తి పూర్తిగా అడుగంటితే కణానికి ఆ తీరిక కూడా ఉండదు. పంపులు ఆగిపోయి, నీరు పట్టి, ఉబ్బి పగిలిపోతుంది. ఇది నెక్రోసిస్. లోపలి ఎంజైములు బయటపడి చుట్టుపక్కల మంట పుట్టిస్తాయి. ఒకే కణజాతిలో ఒక గాఢత దగ్గర మొదటి రకం, దానికి కొన్ని రెట్లు ఎక్కువైతే రెండో రకం కనిపించడం ఫ్లోరైడ్ ప్రయోగాల్లో మామూలే.

పంటి పింగాణీని అల్లే కణం

దగ్గరగా చూడాల్సిన కణం ఒకటుంది. చిగురు కింద పన్ను తయారవుతున్నప్పుడు ఎనామెల్‌ను, అంటే పింగాణీ పొరను, అల్లే అమీలోబ్లాస్ట్ అది. మొదటి దశలో ఇది ప్రోటీన్లను ఎడతెరిపి లేకుండా బయటికి పంపుతుంది. రెండో దశలో ఆ ప్రోటీన్లను కోసి తొలగించి, వాటి జాగాలో ఖనిజం నింపుతుంది. ఖనిజం గట్టిపడేటప్పుడు ప్రోటాన్లు విడుదలవుతాయి. దాంతో చుట్టూ పీహెచ్ 5.8 వరకు దిగుతుంది. పీహెచ్ 7.2 దగ్గరతో పోలిస్తే 5.8 దగ్గర హైడ్రోజన్ ఫ్లోరైడ్ వాటా దాదాపు 25 రెట్లు. రక్తంలో మాత్రం ఏ మార్పూ ఉండదు.

ప్రోటీన్లను మడతపెట్టి పంపే కార్ఖానా ఎండోప్లాస్మిక్ రెటిక్యులం. ఫ్లోరైడ్ వల్ల అమీలోబ్లాస్టుల్లో ఈ కార్ఖానా ఒత్తిడికి లోనవుతుందని 2005లో చూపించారు. మడత పడని ప్రోటీన్లు పేరుకుంటే కణం ముందు ఉత్పత్తి తగ్గించుకుంటుంది, సాయం చేసే ప్రోటీన్లను ఎక్కువ తయారు చేసుకుంటుంది. అప్పటికీ సర్దుకోకపోతే చాప్ అనే జన్యువు మేల్కొని అపోప్టోసిస్ వైపు నెడుతుంది. ఇక్కడ గమనించాల్సింది, పంటి మీద మచ్చ పడటానికి కణం చావనక్కర్లేదు. పని నెమ్మదిస్తే చాలు. తొలగిపోవాల్సిన ప్రోటీన్ లోపలే ఉండిపోతుంది, ఖనిజం పూర్తిగా నిండదు, పన్ను బయటికి వచ్చేటప్పటికే సుద్ద రంగు చారలతో వస్తుంది. పన్ను మొలిచాక అమీలోబ్లాస్టులు ఉండవు. కాబట్టి ఆ లోపాన్ని సరిచేసే కణమే మిగలదు. ఎనిమిదేళ్లు దాటాక ఎంత ఫ్లోరైడ్ తాగినా, జ్ఞానదంతాలు తప్ప, పళ్లకు కొత్తగా ఈ మచ్చలు రాకపోవడానికి కూడా కారణం అదే.

ప్రయోగ ఫలితాన్ని చదివే పద్ధతి

ప్లేటులో కణాలు పెంచి ఫ్లోరైడ్ పోసిన అధ్యయనం చేతికొస్తే మొదట యూనిట్ చూడాలి. ఒక మిల్లీమోలార్ అంటే లీటరుకు 19 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్. చాలా ప్రయోగాల్లో కణాలు చావడం మొదలయ్యేది ఒకటి నుంచి అయిదు మిల్లీమోలార్ మధ్య. అంటే లీటరుకు 19 నుంచి 95 మిల్లీగ్రాములు. ఫ్లోరైడ్ తక్కువ ఉన్న నీళ్లు తాగేవాళ్ల ప్లాస్మాలో ఉండేది ఒకటి రెండు మైక్రోమోలార్ (మిల్లీమోలార్‌లో వెయ్యో వంతు). వెయ్యి రెట్ల తేడా. అలాగే వాళ్లు రాసిన అంకె ఫ్లోరైడ్‌దా, సోడియం ఫ్లోరైడ్‌దా అన్నది కూడా చూడాలి. సోడియం ఫ్లోరైడ్ బరువులో ఫ్లోరైడ్ 45 శాతమే. ఈ ఒక్క అంకె మరిచిపోయి మోతాదును రెట్టింపు చేసి రాసిన వార్తలు తక్కువేమీ కాదు.

తర్వాత చూడాల్సింది కణం చచ్చిందని ఎలా తేల్చారన్నది. ఎక్కువమంది వాడేది ఎంటీటీ పరీక్ష. పసుపు రంగు పొడిని బతికున్న కణం ఊదా రంగుకు మారుస్తుంది, రంగు తగ్గితే కణాలు తగ్గాయని లెక్క. కానీ ఈ పరీక్ష నిజానికి కొలిచేది జీవక్రియ వేగాన్ని. ఫ్లోరైడ్ మొదట చేసే పనే ఆ వేగాన్ని తగ్గించడం. కణం బతికే ఉండి, నీరసంగా ఉన్నా ఊదా రంగు తగ్గుతుంది. అందుకని కణం లోపలి లాక్టేట్ డీహైడ్రోజినేజ్ ఎంజైము బయటికి కారిందా, చావబోయే కణానికి పట్టే అనెక్సిన్ రంగు అంటుకుందా, కాస్పేస్ 3 చురుకైందా అని పక్కన మరో కొలత లేని అధ్యయనాన్ని "కణాలు చచ్చాయి" అని చెప్పడానికి నేను వాడను.

మూడోది కాల్షియం. కణాలు పెంచే ద్రవాల్లో తరచుగా 1.8 మిల్లీమోలార్ కాల్షియం ఉంటుంది. కాల్షియం ఫ్లోరైడ్ కరిగే గుణం చాలా తక్కువ. అంత కాల్షియం సమక్షంలో ఫ్లోరైడ్ 0.2 మిల్లీమోలార్ కూడా చేరకముందే సిద్ధాంత రీత్యా అవక్షేపం మొదలవ్వాలి. మరి అయిదు మిల్లీమోలార్ పోసినప్పుడు కణాన్ని చంపింది ఫ్లోరైడా, కాల్షియం కరువా? సోడియం వల్ల జరిగిందేమో తెలుసుకోవడానికి అంతే గాఢతలో ఉప్పు పోసిన ప్లేటు పక్కన ఉందా? ఈ ప్రశ్నలకు జవాబు వ్యాసంలోని విధానం భాగంలో దొరకాలి.

మత్తుమందు నేర్పిన పాఠం

వెయ్యి రెట్ల తేడా చూపించి ఊరుకునేవాళ్లకు సమాధానం మత్తుమందుల చరిత్రలో ఉంది. 1960లో వాడుకలోకి వచ్చిన మెథాక్సీఫ్లూరేన్ అనే మత్తుమందు ఒంట్లో విరిగి ఫ్లోరైడ్‌ను వదిలేది. ఆపరేషన్ తర్వాత కొందరికి మూత్రం విపరీతంగా పోతూ, నీటిని నిలుపుకోమని చెప్పే హార్మోన్ ఇచ్చినా మూత్రపిండాలు లొంగేవి కావు. రక్తంలో ఫ్లోరైడ్ 50 మైక్రోమోలార్ దాటినవాళ్లలో ఈ దెబ్బ కనిపిస్తోందని 1970ల్లో గుర్తించారు. 50 మైక్రోమోలార్ అంటే లీటరుకు ఒక మిల్లీగ్రాము కంటే తక్కువే. ప్లేటులో కణాలను చంపడానికి వాడే గాఢతతో పోలిస్తే ఇది ఇరవయ్యో వంతు.

తర్వాత సెవోఫ్లూరేన్ వచ్చింది. అది ఇచ్చిన రోగుల్లోనూ ఫ్లోరైడ్ తరచుగా 50 మైక్రోమోలార్ దాటింది. కానీ మూత్రపిండాలు దెబ్బతినలేదు. దీనికి ఎక్కువగా ఒప్పుకునే వివరణ ఏమిటంటే, సెవోఫ్లూరేన్ ప్రధానంగా కాలేయంలో విరుగుతుంది. మెథాక్సీఫ్లూరేన్ మూత్రపిండపు కణాల్లోనే విరిగి, ఫ్లోరైడ్‌ను అక్కడికక్కడే పుట్టించేది. పైగా ఒంట్లోని కొవ్వులో నిలిచి రోజుల తరబడి వదిలేది. రక్తపు రిపోర్టులో అంకె ఒకటే. ఒకచోట కణాలు దెబ్బతిన్నాయి, ఇంకోచోట లేదు.

ఎముక కూడా ఇదే చెబుతుంది. పాత ఎముకను తొలిచే ఆస్టియోక్లాస్ట్ కణాలు తమ కింద పీహెచ్ 4.5 వరకు ఉండే ఆమ్లపు గుంటను తయారు చేస్తాయి. ఏళ్ల తరబడి నిల్వ ఉన్న ఫ్లోరైడ్ అక్కడ ఖనిజంతో పాటు కరుగుతుంది. లెక్క కడితే ఆ గుంటలో నూటికి ఏడు వంతులు హైడ్రోజన్ ఫ్లోరైడ్ రూపంలో ఉంటుంది. ఎముకను కట్టే ఆస్టియోబ్లాస్టులకు కొద్దిపాటి ఫ్లోరైడ్ ఉత్ప్రేరకంలా పనిచేస్తుంది. ఈ గుణం చూసి దాన్ని ఎముకలు గుల్లబారే జబ్బుకు మందుగా కూడా వాడి చూశారు. 1990లో వెలువడిన ఒక పెద్ద పరీక్షలో 202 మంది స్త్రీలలో కొందరికి నాలుగేళ్లు రోజుకు 75 మిల్లీగ్రాముల సోడియం ఫ్లోరైడ్ ఇచ్చారు. వెన్నుపూసల సాంద్రత 35 శాతం పెరిగింది. వెన్ను విరగడం మాత్రం చెప్పుకోదగ్గంత తగ్గలేదు, మిగతా ఎముకలు విరగడం పెరిగింది. బరువు పెరిగిన ఎముక బలమైన ఎముక కాదని అంత ఖర్చుపెట్టి తెలుసుకున్నారు.

ఒక్కసారిగా ఎక్కువైతే

ఇక్కడ అంకెలు సూటిగా ఉంటాయి. కిలో బరువుకు 5 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ మింగితే వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాల్సిన మోతాదుగా వైద్యులు పరిగణిస్తారు. పది కిలోల బిడ్డకు అది 50 మిల్లీగ్రాములు. 1,450 పీపీఎం టూత్‌పేస్టులో గ్రాముకు 1.45 మిల్లీగ్రాములు ఉంటుంది. అంటే సుమారు 35 గ్రాముల పేస్టు, పెద్ద ట్యూబులో మూడో వంతు. బియ్యపు గింజంత పేస్టు దాదాపు 0.1 గ్రాము, కాబట్టి బ్రష్ చేసేటప్పుడు మింగేదానితో ఈ ప్రమాదం రాదు. ట్యూబు చేతికి చిక్కితే వస్తుంది. అలా జరిగితే పాలు తాగించి బయల్దేరడం మంచిది. పాలలోని కాల్షియం కడుపులోనే ఫ్లోరైడ్‌ను కొంత పట్టేస్తుంది. బలవంతంగా వాంతి చేయించకూడదు.

ఈ విషప్రభావంలో ప్రాణం తీసేది ప్రధానంగా రక్తంలో కాల్షియం ఒక్కసారిగా పడిపోవడం, దానితో పాటు పొటాషియం పెరగడం. రెండూ కలిసి గుండె లయను చెడగొడతాయి. 1992 మేలో అలాస్కాలోని హూపర్ బేలో నీటిలో ఫ్లోరైడ్ కలిపే యంత్రం అదుపు తప్పి గాఢత లీటరుకు 150 మిల్లీగ్రాములకు చేరింది. సుమారు 296 మంది జబ్బుపడ్డారు, ఒకరు చనిపోయారు. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం, అంటే నీటిలో కరిగిన హైడ్రోజన్ ఫ్లోరైడ్, చర్మం మీద పడినప్పుడు జరిగేదీ ఇదే. 20 శాతం కంటే పలుచని ఆమ్లమైతే నొప్పి తెలియడానికి ఒక్కోసారి 24 గంటలు పడుతుంది. ఈలోపు అది చర్మం దాటి ఎముక దాకా కణాలను చంపుకుంటూ పోతుంది. 50 శాతం దాటిన ఆమ్లమైతే అరచేయంత కాలిన గాయం కూడా ఒంటిలోని కాల్షియాన్ని ప్రమాదకరంగా దించగలదు. అక్కడ చేయాల్సింది ఆలస్యం లేకుండా నీటితో కడిగి 2.5 శాతం కాల్షియం గ్లూకోనేట్ జెల్ రుద్దడం. కాల్షియం దొరికితే ఫ్లోరైడ్ కణాన్ని వదిలి దానికి అతుక్కుంటుంది.

నీటి పరిమితి సంగతి

ప్రపంచ ఆరోగ్య సంస్థ తాగే నీటికి చెప్పిన లీటరుకు 1.5 మిల్లీగ్రాములు అనే అంకె పళ్ల మచ్చలనూ ఎముకల జబ్బునూ దృష్టిలో పెట్టుకుని పెట్టింది. అమెరికా పర్యావరణ సంస్థ గరిష్ఠ పరిమితి ఇప్పటికీ 4, కావాలని కలిపేచోట్ల 2015 నుంచి సిఫారసు 0.7. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడ్‌కూ పిల్లల తెలివితేటల సూచీ తగ్గుదలకూ సంబంధం ఉందని అమెరికా నేషనల్ టాక్సికాలజీ ప్రోగ్రామ్ 2024 ఆగస్టులో మధ్యస్థ విశ్వాసంతో చెప్పింది. 0.7 దగ్గర అలా జరుగుతుందని చెప్పడానికి ఆధారం చాలదని అదే నివేదిక అంది. ఈ రెండు వాక్యాల్లో ఒకదాన్నే ఎత్తి చూపేవాళ్లను రెండు వైపులా చూస్తున్నాం. నాకైతే 4 అనే పరిమితి ఇంకా కొనసాగడానికి సరైన కారణం కనిపించడం లేదు.

నీరు మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై గాఢత పెరుగుతుంది. మామూలు బొగ్గు ఫిల్టరు దాన్ని పెద్దగా తగ్గించదు. రివర్స్ ఆస్మాసిస్, చురుకైన అల్యూమినా వంటివి చెప్పుకోదగ్గంత తీస్తాయి. అల్యూమినా బాగా పనిచేసేది పీహెచ్ 5.5, 6 మధ్య. నీరు క్షారంగా ఉంటే దాని పట్టు బాగా సడలుతుంది, అయినా అమ్మేవాళ్లు ఆ మాట చెప్పరు.

మోతాదు తెలుసుకోవడానికి ఎక్కువమంది నమ్మేది మూత్రంలో ఫ్లోరైడ్ కొలత. ఆరోగ్యవంతుల్లో అది పనికొస్తుంది. మూత్రపిండాల పని మందగించినవాళ్లలో మాత్రం ఫ్లోరైడ్ బయటికి రాక రక్తంలోనూ ఎముకలోనూ పెరుగుతుంది, మూత్రంలో అంకె తగ్గుతుంది. అందరికంటే ఎక్కువ దెబ్బ తినే అవకాశం ఉన్న మనిషి రిపోర్టే అందరికంటే బాగున్నట్టు కనిపిస్తుంది. అలాంటివాళ్లకు మూత్రంతో పాటు ప్లాస్మా ఫ్లోరైడ్, మూత్రపిండాల పనితీరును చూపే క్రియాటినిన్ కూడా కలిపి చూడకుండా "మోతాదు తక్కువే" అని రాయకూడదు.